కుక్క మాట వినట్లేదా? కసరడం, కట్టేయడం, ట్రైనర్, హాస్టల్: ఏది ఎవరికి నప్పుతుంది

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక రోజు పొద్దున్నే ఫిర్యాదు పడింది. "నాలుగో అంతస్తు కుక్క రాత్రి పదకొండింటి దాకా మొరుగుతూనే ఉంది, పిల్లలకు పరీక్షలు." ఆ కుక్క మాదే. పేరు గుండు, లాబ్రడార్, అప్పటికి పదకొండు నెలలు. మొరగడంతో ఆగితే బాగుండేది. లిఫ్టు తలుపు తెరుచుకుంటే చాలు, ఎదురుగా ఎవరుంటే వాళ్ల మీదకు ముందు కాళ్లు రెండూ ఎత్తేవాడు.

సాయంత్రానికల్లా సలహాలు మొదలయ్యాయి. "ఒక్కసారి కట్టె చూపించండి సార్, మళ్లీ లేవదు" అన్నాడు వాచ్‌మన్ అన్న. బాల్కనీలో కట్టేయమంది మా అత్తయ్య. కుక్కను దగ్గరుంచుకుని నేర్పే హాస్టల్లో నెల రోజులు వేసేద్దాం బావా అన్నాడు బావమరిది. మా ఆవిడ ఇంటికి ట్రైనర్‌ని పిలుద్దామంది. నేనేమో యూట్యూబ్ చూసి నేర్పేస్తానన్నాను. తర్వాతి ఏడాదిలో వీటిలో దాదాపు అన్నీ చేసి చూశాం. కట్టె పట్టలేదు గానీ, చెప్పు మాత్రం ఒకసారి లేచింది, ఆ ఒక్కసారికి నేను ఇప్పటికీ సిగ్గుపడతాను.

మా పొరపాటంతా వరసలో ఉంది. ముందు ఖర్చు చూసుకున్నాం, ఆ తర్వాత దారి ఎంచుకున్నాం, వాడు అసలు ఎందుకు మొరుగుతున్నాడో చిట్టచివరికి గానీ చూడలేదు. మీరు ఆ వరస తిరగేయండి.

## ముందు ఈ నాలుగూ తేల్చుకోండి

ఎందుకు చేస్తోంది? మొరుగు ఒకటే, కారణాలు పది. బెల్లు మోగినందుకు, ఏమీ తోచక, ఒంటరిగా ఉండలేక, భయపడి, మిమ్మల్ని పిలవడానికి, ఒక్కోసారి నొప్పికి. ఒక వారం పాటు చిన్న నోటు పుస్తకంలో మూడు సంగతులు రాయండి: ఎన్నింటికి చేసింది, దానికి సరిగ్గా ముందు ఏం జరిగింది, చేశాక దానికి ఏం దక్కింది. మూడోది చాలామంది వదిలేస్తారు. మీద పడినప్పుడు మీరు "వద్దురా" అంటూ చేత్తో తోస్తే, కుక్కకు అది ఆట. అంటే దానికి దక్కాల్సింది దక్కినట్టే. మా నోటు పుస్తకంలో తేలిందేమిటంటే, గుండు మొరుగుళ్లలో ఎక్కువ భాగం తొమ్మిదికీ పదకొండుకీ మధ్యే. ఆ వేళకు మా గల్లీ చివర చెత్త డబ్బా దగ్గరికి వీధి కుక్కలు చేరతాయి. అవి బాల్కనీలోంచి కనిపిస్తాయి.

కరిచే ప్రమాదం ఉందా? గుర్రుమనడం, పళ్లు చూపించడం, తిండి దగ్గరికి వెళ్తే బిగుసుకుపోవడం, ఇదివరకే ఎవరినైనా పంటితో పట్టుకోవడం. వీటిలో ఏది ఉన్నా కింది దారుల్లో సగం మీకు వర్తించవు. నేరుగా డాక్టర్ గురించి రాసిన భాగానికి వెళ్లండి.

ఇంట్లో ఎవరుంటారు, ఎంతసేపు? ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇల్లూ, తాతయ్య నానమ్మ ఉన్న ఇల్లూ ఒకటి కావు. ఎంతమంది ఉన్నారన్నదానికంటే అందరూ ఒకే మాట మీద ఉన్నారా అన్నది ముఖ్యం. మా ఇంట్లో నేను "డౌన్" అంటే అత్తయ్య "దిగు" అనేది, పనమ్మాయి "నీచే" అనేది. హైదరాబాద్‌లో పుట్టిన కుక్క కదా, మూడు భాషలూ వస్తాయనుకున్నామేమో! ఒక పనికి ఒకే మాట పెట్టుకుని, కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి.

పక్కవాళ్ల ఓపిక ఎంత? ఇది పుస్తకాల్లో పెద్దగా కనిపించదు గానీ అపార్ట్‌మెంట్లలో అసలు గడువు ఇదే. పెంపుడు కుక్కల్ని పెట్టుకోవద్దనే అధికారం సంక్షేమ సంఘాలకు లేదని జంతు సంక్షేమ బోర్డు 2015 నాటి మార్గదర్శకాల్లో చెప్పింది. ఆ కాగితం చూపించి గొడవ గెలవొచ్చు. కానీ లిఫ్టులో ఎదురయ్యే ముసలావిడ భయం దానితో పోదు. "పని మొదలుపెట్టాం, రెండు నెలలు టైమివ్వండి" అని గ్రూపులో ఒక మాట పెడితే లొల్లి సగం తగ్గుతుంది.

డబ్బు ఐదోది. కావాలనే ఆఖర్న పెట్టాను.

## ఒక చూపులో

| దారి | దేనికి పనికొస్తుంది | మీ సమయం | ఖర్చు | ఎక్కడ దెబ్బతింటాం |
|---|---|---|---|---|
| కసరడం, కొట్టడం | ఆ నిమిషానికి ఆపడానికి మాత్రమే | లేదు | లేదు | భయం, చాటుగా చేయడం, హెచ్చరిక లేకుండా కరవడం |
| గొలుసుతో కట్టేయడం | కాసేపు ఆపద తప్పించడానికి | లేదు | తక్కువ | విసుగు, ఎండ, ఇంకా ఎక్కువ మొరుగు |
| చోక్ చెయిన్ (లాగితే మెడ బిగిసేది), షాక్ కాలర్ (కరెంటు తగిలించేది) | నేనైతే దేనికీ చెప్పను | తక్కువ | మధ్యస్థం | నొప్పి, దాన్ని ఎదురున్న మనిషికి ముడిపెట్టుకోవడం |
| పట్టించుకోకపోవడం | మన దృష్టి కోసం చేసే అల్లరికి | ఓపిక కావాలి | లేదు | మొదట్లో గోల పెరుగుతుంది |
| మనమే బహుమతితో నేర్పడం | దూకడం, లాగడం, బెల్లు మొరుగు, కుక్కపిల్లల పంటిగాట్లు, టాయిలెట్ | రోజూ 15 నిమిషాలు | తక్కువ | ఇంట్లో ఒక్కరు మాట తప్పినా ఆలస్యం |
| ఇంటికి ట్రైనర్ | పై వరసలో ఉన్నవన్నీ | వారంలో కొన్ని గంటలు, రోజూ సాధన | ఎక్కువ | ట్రైనర్ మాటే వింటుంది, మన మాట వినదు |
| హాస్టల్ ట్రైనింగ్ | సిట్, స్టే లాంటివి | దాదాపు లేదు | చాలా ఎక్కువ | అక్కడ నేర్చింది ఇంట్లో కనిపించదు |
| డాక్టర్ | కరవడం, హఠాత్తుగా మారడం, ఒంటరి భయం | కేసును బట్టి | కేసును బట్టి | ఆలస్యంగా వెళ్లడం |

## చెప్పు, కట్టె, చుట్టిన పేపరు

మన ఇళ్లలో అన్నిటికంటే ముందు చేతికి తగిలేవి ఇవే. చేసే పని టక్కున ఆగుతుంది, అందుకే జనం వీటిని వదలరు. ఆగింది కదా, నేర్చుకుంది అనుకుంటాం. కుక్క నేర్చుకున్నది మాత్రం వేరు. తివాచీ మీద మూత్రం పోసినందుకు కొడితే, తివాచీ మీద పోయకూడదని దానికి తెలియదు. మీరు చూస్తుండగా పోయకూడదని తెలుస్తుంది. ఆ తర్వాత సోఫా వెనక పోస్తుంది. బయటికి తీసుకెళ్లినా మీరు పక్కనుంటే బిగబట్టుకుని ఇంటికొచ్చి పోస్తుంది.

గుర్రుమన్నందుకు కొట్టడం ఇంకా ప్రమాదం. గుర్రు అంటే కుక్క ఇచ్చే హారన్. దాన్ని కొట్టి ఆపేస్తే హారన్ పోతుంది, లోపలి కోపమో భయమో అలాగే ఉంటుంది. ఆ తర్వాత "ఏమీ అనకుండా ఉన్నట్టుండి కరిచింది" అనే మాట వినాల్సి వస్తుంది.

"తప్పు చేసినట్టు వాడికి తెలుసు, ఆ మొహం చూడు" అంటారు. ఈ మొహాన్నే అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు అమెరికాలో పరీక్షించింది. తినొద్దని చెప్పిన తిండి కుక్క తిన్నా, తినకపోయినా, యజమాని తిట్టినప్పుడే ఆ దోషి మొహం ఎక్కువగా కనిపించిందని 2009లో ప్రచురించింది. అంటే అది పశ్చాత్తాపం కాదు, మీ గొంతుకు జవాబు. మీరు ఆరింటికి ఇంటికొచ్చి, మధ్యాహ్నం చింపిన చెప్పు చూపించి తిడితే, కుక్క లెక్కలో మీరు ఇంటికి రావడానికే ఆ తిట్టు ముడిపడుతుంది. మెచ్చుకోలైనా మందలింపైనా పని జరిగిన ఒకటి రెండు సెకన్లలో పడాలి.

ఇంకోటి, "ఇంటికి పెద్ద ఎవరో చూపించాలి" అనే వాదం. దీని మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు బోనులో ఉన్న తోడేళ్లను చూసి, గుంపులో కొట్లాడి గెలిచిందే పెద్ద అని రాసిన రాతల్లో ఉంది. ఆ మాటకు బాగా ప్రచారం తెచ్చిన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్, అడవిలో తోడేళ్ల గుంపంటే తల్లీ తండ్రీ పిల్లలే తప్ప కుర్చీ కోసం కొట్లాట కాదని 1999లో తనే సరిదిద్దాడు. మన దగ్గర ఇంకా కుక్కను వెల్లకిలా పడేసి అదిమిపట్టమని చెప్పే ట్రైనర్లు ఉన్నారు. కరిపించుకోవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

చట్టం సంగతి కూడా ఒక ముక్క. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం జంతువును కొట్టి బాధపెట్టడం నేరం. మొదటి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలు. మా గుండుకు బహుమతిగా పెట్టే ట్రీట్ ప్యాకెట్ అంతకంటే ఖరీదు.

## బాల్కనీ, గొలుసు

అత్తయ్య మాట కాదనలేక వారం రోజులు కట్టేశాం. మొరుగు రెట్టింపైంది. కాకపోతే ఏమవుతుంది? ఏ కుక్కల్ని చూసి మొరుగుతున్నాడో వాటి ఎదురుగానే కట్టేశాం, అదీ దగ్గరికి పోలేకుండా. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం కూడా పైన చెప్పిన 11వ సెక్షన్‌లోనే నేరంగా ఉంది. మే నెలలో మన ఊళ్లో నలభై డిగ్రీలు దాటిన రోజు బాల్కనీ గచ్చు మీద మీరు చెప్పుల్లేకుండా నిలబడి చూడండి. కుక్కకు ఒంటినిండా చెమట పట్టదు, నోరు తెరిచి వగర్చే వేడి తగ్గించుకుంటుంది.

కట్టేయడం వేరు, దారి మూయడం వేరు. రెండోది చాలా మంచి పని. తొమ్మిది కాగానే బాల్కనీ తలుపు వేసి, పరదా లాగి, గుండుకు నమలడానికి ఒక బొమ్మ ఇచ్చాం. రాత్రి మొరుగు మూడు వంతులు అక్కడే పోయింది. ఏ ట్రైనర్ అవసరం రాలేదు. వంటింటికి చిన్న గేటు, చెప్పులకు మూత ఉన్న స్టాండు, చెత్త డబ్బాకు గట్టి మూత, ఇవన్నీ ఈ జాబితాలోవే. నేర్పడం పూర్తయ్యేలోపు తప్పు చేసే అవకాశం తగ్గించినా చాలు, సగం పని అయినట్టే.

చోక్ చెయిన్, ముళ్ల కాలర్, షాక్ కాలర్ గురించి ఎక్కువ రాయను. ఆన్‌లైన్‌లో దొరుకుతాయి కాబట్టి మంచివనుకోవద్దు. వేల్స్ దేశం షాక్ కాలర్లను 2010లోనే నిషేధించింది. లిఫ్టులో పిల్లాణ్ని చూసి ఉత్సాహంగా లేచిన క్షణంలో మెడ పట్టేస్తే, ఆ నొప్పిని కుక్క పిల్లాడికి ముడిపెట్టుకునే ప్రమాదం ఉంది. పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కల మీద చేసి 2020లో ప్రచురించిన పరిశీలనలో, దండనతో నేర్పే స్కూళ్ల కుక్కల్లో ఒత్తిడి లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. లాగే కుక్కకు ఛాతీ ముందు కొక్కెం ఉన్న హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీ) కొనండి.

## పట్టించుకోకుండా ఉంటే?

అన్నం తినేటప్పుడు పక్కన కూర్చుని మొరిగే కుక్కకు ఇది బాగా పనిచేస్తుంది. చూడకూడదు, మాట్లాడకూడదు, తోయకూడదు. కానీ ఒక షరతు: ఆగిపోయే ముందు గోల ఒకసారి బాగా పెరుగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసిన లిఫ్టు బటన్ పనిచేయకపోతే మనం నాలుగుసార్లు గట్టిగా నొక్కమా, అలాగే. ఆ పెరిగిన రోజున ఓపిక పోయి ఒక చపాతీ ముక్క వేశారంటే, ఇకనుంచి అంత గట్టిగా మొరగాలని నేర్పినట్టే. కింద ఫ్లాట్‌లో పసిబిడ్డ ఉన్నవాళ్లు ఈ దారిని ఒంటరిగా ఎంచుకోవద్దు. భయంతో, ఒంటరితనంతో మొరిగే కుక్కను పట్టించుకోకపోవడం అసలు తప్పు.

## బహుమతితో, ఇంట్లో మనమే

ఎక్కువ ఇళ్లకు నేను చెప్పే మొదటి దారి ఇదే. "కూడదు" అని చెప్పడం ఆపి, దాని బదులు ఏం చేయాలో నేర్పడం ఇందులో కిటుకు. నాలుగు కాళ్లూ నేల మీద ఉన్న కుక్క ఎగరలేదు, బొమ్మ నోట్లో ఉన్న కుక్క చెయ్యి కొరకలేదు.

మీద పడే అలవాటుకు: ఎవరొచ్చినా కూర్చుంటేనే పలకరింపు. లేస్తే వచ్చినవాళ్లు వెనక్కి తిరిగి నిలబడాలి. కూర్చోగానే ట్రీట్. ఇందులో కష్టం కుక్కతో కాదు, "పర్లేదులెండి, నాకు కుక్కలంటే ఇష్టం" అంటూ మీదకు ఎక్కించుకునే చుట్టాలతో.

బెల్లు మొరుగుకు: మీ బెల్లు శబ్దాన్ని ఫోన్లో రికార్డ్ చేయండి. చాలా చిన్నగా మోగించి, వెంటనే చాప మీదకు పిలిచి ట్రీట్ ఇవ్వండి. రోజుకు ఐదారుసార్లు, వాల్యూమ్ కొంచెం కొంచెం పెంచుతూ. మాకు నెలన్నర పట్టింది. దీపావళి టపాకాయలకు, వినాయక చవితి డప్పులకు కూడా ఇదే పద్ధతి, కానీ పండగ ముందు వారం మొదలుపెడితే ఏమీ కాదు, రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టాలి.

కుక్కపిల్ల కొరుకుతుంటే: పన్ను తగలగానే ఆట ఆపి, లేచి, అర నిమిషం పక్క గదిలోకి వెళ్లండి. టాయిలెట్‌కు: నిద్ర లేవగానే, తిన్నాక, ఆడాక బయటికి. రెండు నెలల పిల్ల రెండు గంటలకు మించి ఆపుకోలేదు, దాన్ని తిట్టి లాభం లేదు. వాసన మిగిలితే మళ్లీ అక్కడే పోస్తుంది కాబట్టి ఎంజైమ్ క్లీనర్‌తో తుడవండి.

ట్రీట్ అంటే ఖరీదైన ప్యాకెట్లే కానక్కర్లేదు. ఉప్పు కారం లేకుండా ఉడికించిన చికెన్, శనగగింజంత ముక్కలు. శాకాహారుల ఇళ్లలో పనీరు, క్యారెట్, ఉడికించిన చిలగడదుంప. ఆ మేరకు రోజు తిండి తగ్గించండి, లాబ్రడార్లు ఇట్టే లావెక్కుతాయి. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి మాత్రం వద్దు, అవి కుక్కలకు విషం.

## ట్రైనర్, క్లాసు, హాస్టల్

కుక్కల ట్రైనర్ అవడానికి మన దగ్గర తప్పనిసరి లైసెన్సంటూ లేదు. కాబట్టి పరీక్ష మీరే పెట్టాలి. "చెప్పింది చేస్తే ఏమిస్తారు, చేయకపోతే ఏం చేస్తారు?" అని అడగండి. రెండో ప్రశ్నకు చెయిన్ లాగడం, తిండి మాన్పించడం లాంటి జవాబు వస్తే కాఫీ ఇచ్చి పంపేయండి. నేర్పేటప్పుడు మీరు గదిలో ఉండకూడదంటే కూడా అంతే. పది రోజుల్లో గ్యారంటీ అనేవాళ్లను నేను నమ్మను. మంచి ట్రైనర్ గంటలో ఎక్కువసేపు మీ చేత చేయిస్తాడు, మీ చేతిలో ట్రీట్ ఎక్కడుందో, లీష్ (నడిపించే తాడు) ఎంత బిగించారో చూసి సరిదిద్దుతాడు.

గ్రూపు క్లాసు దగ్గర్లో ఉంటే, భయం లేని చిన్న కుక్కకు చవకలో మంచిదే. ఇతర కుక్కల్ని చూస్తే రెచ్చిపోయేదాన్ని అక్కడ మొదలుపెట్టవద్దు. కొండాపూర్‌లో జీహెచ్ఎంసీ 2018లో తెరిచిన డాగ్ పార్కుకూ ఇదే మాట. నేర్చుకున్న కుక్కకు అది స్వర్గం, రెచ్చిపోయే కుక్కకు మాత్రం పానిపట్టు.

ఇక హాస్టల్. మేం ఊరి బయట ఒక చోట గుండును నెల రోజులు వదిలాం. పంపిన వీడియోల్లో వాడు సైనికుడిలా ఉన్నాడు. ఇంటికొచ్చాక నాలుగు రోజులు అలాగే ఉండి, ఐదో రోజు మామూలే. పైగా కొత్తగా ఒకటి తెచ్చుకున్నాడు: చీపురు ఎత్తితే మంచం కింద దూరడం. అక్కడ ఏం జరిగిందో నాకు తెలియదు, అడిగితే వాళ్లు చెప్పలేదు. అన్ని చోట్లా ఇలాగే ఉంటుందని అనను. కానీ ఒకటి ఆలోచించండి. మొయినాబాద్‌లోని పోలీసు శిక్షణ అకాడమీలో జాగిలాలకు నెలల తరబడి నేర్పుతారు, అదీ వాటిని నడిపించే కానిస్టేబుల్‌తో కలిపి. రోజూ పట్టుకునే మనిషి పక్కన లేకుండా నేర్పడం పోలీసు కుక్కకే కుదరనప్పుడు మన గుండుకెలా కుదురుతుంది? తప్పనిసరై పంపాల్సి వస్తే, చెప్పకుండా ఎప్పుడైనా వచ్చి చూసే వీలున్న చోటికే పంపండి. చివరి వారం రోజూ వెళ్లి మీరూ నేర్చుకోండి.

## డాక్టర్ ఎప్పుడు?

నిన్నటిదాకా బాగున్న కుక్క ఉన్నట్టుండి విసుక్కుంటే, ముట్టుకోనివ్వకపోతే, ఇంట్లో మూత్రం పోస్తే, ట్రైనర్ కంటే ముందు డాక్టర్. చెవిలో ఇన్ఫెక్షన్, పంటి నొప్పి, తుంటి కీలు సమస్య, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఇవన్నీ బయటికి "పొగరు"లాగే కనిపిస్తాయి. నారాయణగూడలో ప్రభుత్వ పశు ఆసుపత్రి ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది. మీరు బయటికి వెళ్లినప్పుడు మాత్రమే తలుపు చెక్క గీకి, చొల్లు కార్చి, గోల చేసే కుక్కది అల్లరి కాదు, ఒంటరి భయం. కొన్నిటికి మందులు కూడా అవసరమవుతాయి.

కరిచే అలవాటున్నదానికి బుట్ట లాంటి మూతిచిక్కం అలవాటు చేయండి, అందులో వగర్చగలదు, నీళ్లు తాగగలదు. బిగుతు గుడ్డ చిక్కంతో ఎండలో తిప్పడం ప్రాణానికే ముప్పు. ఎవరినైనా కరిస్తే, టీకాలు వేసిన పెంపుడు కుక్కే కదా అనుకోకుండా గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

## మీరు ఎవరు?

గచ్చిబౌలి వైపు ఇద్దరూ ఆఫీసులకు వెళ్లే జంటైతే: హాస్టల్ ఆలోచన మానుకుని, ఆ డబ్బుతో వారానికి రెండు రోజులు ట్రైనర్‌నీ, మధ్యాహ్నం కుక్కను తిప్పే మనిషినీ పెట్టుకోండి. మీ కుక్క సమస్యల్లో సగం ఏమీ తోచకపోవడమే అయ్యుంటుంది.

పెద్దవాళ్లున్న ఇల్లైతే: ఖర్చు లేకుండా మీరే నేర్పుకోవచ్చు, కానీ కుక్కకంటే ముందు పెద్దాయన్ని ఒప్పించాలి. కంచంలోంచి ముద్ద పెట్టొద్దని చెప్పే బదులు, ట్రీట్ డబ్బా ఆయన చేతికే ఇచ్చి "మీరు చెబితేనే వింటాడు తాతయ్యా" అనండి. మా ఇంట్లో అత్తయ్య దగ్గర ఇదే పనిచేసింది.

రెండు నెలల కుక్కపిల్లను తెచ్చుకున్నవాళ్లయితే: మూడో వారం నుంచి దాదాపు పద్నాలుగో వారం దాకా చూసినవన్నీ మామూలే అనుకునే వయసు. టీకాలు పూర్తికాక నేల మీద దించలేకపోయినా చంకలో వేసుకుని ఆటోలు, లిఫ్టు, హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ కుర్రాళ్లు, డప్పులు, అన్నీ చూపించండి. ఈ పని ఇప్పుడు ఉచితం, రెండేళ్ల తర్వాత చేయించాలంటే ట్రైనర్ ఫీజు.

పెద్దయిన వీధి కుక్కను తెచ్చుకున్నవాళ్లయితే: మొదటి నెల ఏమీ నేర్పకండి. తిండి, తిరుగుడు, నిద్ర ఒకే వేళకు జరగనివ్వండి. ఇంటికి అలవాటు పడ్డాకే దాని అసలు గుణం బయటపడుతుంది.

గుండుకు ఇప్పుడు మూడేళ్లు. లిఫ్టులో కూర్చుంటాడు, బెల్లు మోగితే చాప మీదకు పోతాడు. పొద్దున్నే పాల ప్యాకెట్లు వేసే కుర్రాడికి మాత్రం రెండంటే రెండు మొరుగులు వదులుతాడు. ఐదో అంతస్తు ఆంటీ దాన్ని విని లేచి కుక్కర్ పెట్టుకుంటుందట, మాన్పించొద్దంది.